అందంగా రాసిన సాక్ష్యం

ముసునూరు,
12-2-2024.

వదిన గారికి,

మీ మరదలు లేయా వందనాలు. ఫోనులో చెప్పుకునే మాటలకు ఉత్తరం ఏంటని మీరు నవ్వుతారని తెలుసు. మీ తమ్ముడు గారి మంచం ముందు గదిలో ఉంది. ఇంట్లో ఏ మూల నిలబడి మాట్లాడినా ఆయనకు వినపడుతుంది. బయటికి వెళ్లి మాట్లాడితే వీధి మొత్తానికి వినపడుతుంది. అందుకని బడిలో ఖాళీ పీరియడులో కూర్చుని రాస్తున్నాను. మీరు కూడా జవాబు బడి అడ్రసుకే రాయండి. పోస్ట్‌మ్యాన్ బుచ్చయ్య గారికి చెప్పిపెట్టాను.

మొన్న శనివారం బొగ్గు గని దగ్గర్నుంచి కాంట్రాక్టరు మనిషి యాపిల్ పండ్లు పట్టుకుని వచ్చాడు. అన్నా అన్నా అంటూ మంచం పక్కన కూర్చుని, ఆయన కాలు లేని వైపు చూడకుండా అరగంట మాట్లాడాడు. తర్వాత సంచిలోంచి బాండు పేపరు తీశాడు. రెండు లక్షలు ముట్టాయి, ఇకమీదట కంపెనీ మీద గానీ కాంట్రాక్టరు మీద గానీ నాకే హక్కూ లేదు అని ఉంది. సంతకం చోట పెన్సిలుతో గుర్తు కూడా పెట్టుకొచ్చాడు. మీ తమ్ముడు పెన్ను అందుకున్నారు. ఆసుపత్రి ఖర్చు వాళ్లే పెట్టుకున్నారు, ఇంకా పేచీ ఎందుకు అని ఆయన మాట. పాస్టరు గారిని అడగకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టం అని నేను అడ్డం పడ్డాను. అప్పటికి నోటికొచ్చిన మాట అది.

కాలు పోయి ఆరు నెలలైంది. మోకాలి పైదాకా తీసేశారు. టిప్పరు తోలడం తప్ప ఇంకో పని తెలియని మనిషి. నా బడి జీతం మీకు తెలుసు, హన్నా వచ్చే ఏడు పదో తరగతి. కంపెనీలో పర్మనెంటు మనిషి కాదు, కాంట్రాక్టరు దగ్గర డ్రైవరు. అలాంటి వాళ్లకు చట్టంలో ఏమన్నా ఉందా, ఆ రెండు లక్షలేనా? మీది గనుల ఊరు గదా, ఎవరినైనా అడిగి చెప్పండి. వాడు మళ్లీ నెలాఖరు ఆదివారం వస్తానన్నాడు.

మీ
లేయా

కొత్తగూడెం,
20-2-2024.

లేయమ్మకు,

యాపిల్ పండ్లు తినండి. సంతకం మాత్రం పెట్టకండి.

మా పక్క వాటాలో సత్యనారాయణమూర్తి గారని లాయరు ఉన్నారు. గనుల కేసుల్లోనే జుట్టు తెల్లబడిన మనిషి. ఆయన చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. డ్యూటీలో ఉండగా దెబ్బ తగిలితే చాలు, తప్పు ఎవరిదని మనం రుజువు చేయక్కర్లేదట. కాంట్రాక్టరు మనిషి అయినా గని యజమాని కూడా జవాబుదారీయేనట, తర్వాత వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు. హక్కు వదులుకున్నానని బాండు పేపరు మీద రాయించుకుంటే అది చెల్లదట. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు, కార్మికుల పరిహారాలు తేల్చే కమిషనర్ గారి దగ్గర అర్జీ పెట్టాలి. వాహన ప్రమాదం కింద ఇంకో దారి ఉంది గానీ రెండు దారుల్లో ఒకేసారి నడవనివ్వరు, మనకి ఇదే సూటి అన్నారు. మనిషే పోయి ఉంటే భార్యాపిల్లలు ఇదే అర్జీ పెట్టుకుంటారట. ఆ మాట ఆయన అంటుంటే నేను సిలువ గుర్తు వేసుకున్నాను.

చివర్లో ఒకటి అడిగారు. ఆ పూట మీ తమ్ముడు తాగి ఉన్నాడా అని. లేదండీ అన్నాను. అన్నానే గానీ నా గుండె గుండెలో లేదు. జనవరిలో మీ మందిరంలో దేవుడు తనను ఎలా మార్చాడో వాడు సాక్ష్యం చెప్పిన వీడియో చూసి ఏడ్చాను గదా, అందులో ఏదో అన్నాడు. సాక్ష్యాల్లో అలాగే అంటారులే అని లాయరు గారికి ఆ సంగతి ఎత్తలేదు. వాడి పాత రోజులు నాకు తెలుసు. నిజం రాయి.

సుసన్నా

ముసునూరు,
4-3-2024.

వదిన గారికి,

కాగితాలన్నీ రిజిస్టరు పోస్టులో పంపాను. అర్జీ మీద ఆయన సంతకం పెట్టారు. మీరు చెప్పారంటే మారు మాట్లాడలేదు.

ఆయన మందు మానేసి నాలుగేళ్లయింది వదినా. ఆ పూట నీళ్లు తప్ప ఏమీ తాగలేదు, బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుతాను. బ్రేకు సరిగ్గా పట్టడం లేదని సూపర్‌వైజరుకు రెండుసార్లు చెప్పారట. ఈ ట్రిప్పు వేసి రా, షెడ్డుకు పంపిస్తా అన్నాడట. లోడుతో ర్యాంపు దిగుతుంటే బ్రేకు పట్టలేదు. పక్కకు కోసి గట్టుకు గుద్దించారు. ముందు ఇంకో బండి ఉంది, అందులో ఇద్దరు ఉన్నారు. కేబిను నొక్కుకుపోయి కుడికాలు ఇరుక్కుంది. జరిగింది ఇంతే.

సాక్ష్యం వేరు, జరిగింది వేరు. దాన్ని మీరు మనసులో పెట్టుకోకండి. ఆ సాక్ష్యం విన్నాక మా వీధి సువర్ణరాజు మందు ముట్టుకోలేదు. వాళ్లావిడ రోజూ వచ్చి ఆయనకు దణ్ణం పెట్టి పోతుంది. దేవుడు ఏ పనికి దేన్ని వాడుకుంటాడో మనకేం తెలుసు.

ఈసారి మామిడి పూత ఆలస్యం, దానిమీద తేనెమంచు పురుగు. తోటలు గుత్తకు పట్టినవాళ్లు తలలు పట్టుకున్నారు. కేసు సంగతి ఏది తెలిసినా వెంటనే రాయండి. బుచ్చయ్య గారి సైకిలు బెల్లు వినపడితే చాలు, బోర్డు మీద ఏం రాస్తున్నానో మర్చిపోతున్నాను.

లేయా

కొత్తగూడెం,
24-6-2024.

లేయా,

కొంప మునిగేలా ఉంది.

కాంట్రాక్టరు తరఫున కౌంటర్ వేశారు. డ్రైవరు తాగి బండి నడిపాడు, మా పూచీ లేదు అని. సాక్ష్యాధారం ఏంటో తెలుసా? మీ మందిరం యూట్యూబు ఛానల్లో ఉన్న వీడియో. మా తమ్ముడు శౌరి చెప్పిన మాటలు అక్షరం పొల్లుపోకుండా టైపు చేయించి జత చేశారు. "ఆ రోజు స్టీరింగు నా చేతిలో లేదు, మత్తు చేతిలో ఉంది. ప్రభువు నా కాలు పుచ్చుకుని నా ప్రాణం నాకు తిరిగి ఇచ్చాడు." లాయరు గారు అది చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఈ సంగతి నాకెందుకు చెప్పలేదమ్మా అన్నారు.

చట్టం ఇలా ఉందట. మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికిరాకుండా పోయినా, తాగి ఉన్నాడన్న వంక చెల్లదు. కొంతవరకే పనికిరాకుండా పోతే మాత్రం ఆ వంక చెల్లుతుంది. మన డాక్టరు సర్టిఫికెట్‌లో ఎనభై శాతం అని ఉంది. కాలు లేని డ్రైవరు డ్రైవరే కాదు, అతని పనికి అది నూటికి నూరు అని లాయరు గారు వాదిస్తారు. ఒప్పుకుంటే గట్టెక్కుతాం. ఒప్పుకోకపోతే ఆ వీడియో ఒక్కటే మనల్ని ముంచుతుంది. అందుకని శౌరి వచ్చి, ఆ సాక్ష్యంలో చెప్పింది నిజం కాదు అని చెప్పాలి.

మా కతోలిక గుడిలో అయితే పాపం గురువు గారి చెవిలో చెప్పి వచ్చేస్తాం, మూడో మనిషికి తెలియదు. మీ వాళ్లు మైకులో చెబుతారు. మా తల్లి కడుపున పుట్టినవాణ్ణి పెళ్లి చేసుకుని మీ మందిరానికి తీసుకుపోయావు, బాగానే ఉంది. చెయ్యని పాపం కూడా చెప్పించాలా?

ఇంకో మాట. వాడు నాకు కార్డు ముక్క రాసినా నాలుగు తప్పులుండేవి. "మత్తు చేతిలో ఉంది" లాంటి మాట వాడిది కాదు. ఎవరు రాసిచ్చారు?

సుసన్నా

ముసునూరు,
1-7-2024.

వదిన గారికి,

మీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి అన్నం సహించడం లేదు. ఎవరు రాసిచ్చారని అడిగారు. ఎవరూ లేరండి. ఆయనే చెప్పారు. మందిరంలో నిలబడితే ఒక్కోసారి మాటలు అవే వస్తాయి.

సంగతి ఆయనతో చెప్పక తప్పలేదు. గోడ వైపు తిరిగారు. తర్వాత, "దేవుడి ముందు ఒకటి చెప్పి ఆఫీసరు ముందు ఇంకోటి చెప్పనా? సువర్ణరాజు ఆరు నెలల నుంచి మందు ముట్టలేదు. నేను అబద్ధం ఆడానని తెలిస్తే వాడు సాయంత్రానికల్లా షాపు ముందుంటాడు" అన్నారు. పోనీ కేసు పోతే మన బతుకేంటండి అంటే, "వాడి బతుకేంటి?" అన్నారు.

సువర్ణరాజు ఇప్పుడు మామిడి కాయల ఆటో తోలుతున్నాడు. చిన్నరాయప్ప గారి తోటలో ఆఖరి కోతకు వెళ్లినవాడు నిన్న దారిలో ఆగి పెద్ద రసాలు డజను మా గడప లోపల పెట్టి పోయాడు. ఆ పళ్లు ముట్టుకోవాలంటే నాకు భయం వేసింది.

వాయిదాకు తీసుకొస్తాను. అక్కడ ఆయన ఏం చెబుతారో నాకు తెలియదు.

లేయా

కొత్తగూడెం,
14-9-2024.

లేయమ్మకు,

మొన్న కమిషనర్ గారి ఆఫీసు దగ్గర మనం సరిగ్గా మాట్లాడుకోలేదు. నువ్వూ సాక్షివే గనక శౌరిని విచారించినంతసేపూ నిన్ను బయట కూర్చోబెట్టారు. అయిపోయాక కారు వాడి తొందర, పక్కన శౌరి. లోపల ఏం జరిగిందో వాడు నీకు చెప్పి ఉండడు. అందుకే రాస్తున్నాను.

ముందు దేవుని మీద ప్రమాణం చేయించారు, అంతా నిజమే చెబుతాను అని. మావాడు అక్కడే చిక్కుకుపోయాడు. కాంట్రాక్టరు లాయరు ఫోనులో వీడియో పెట్టాడు. కీబోర్డు మోత, మీవాళ్ల హల్లెలూయలు ఆ చిన్న గదంతా నిండిపోయాయి. కమిషనర్ గారు సౌండు తగ్గించమన్నారు.

"ఈ గొంతు నీదేనా?"

"నాదేనండి."

"తాగి ఉన్నానని చెప్పావు గదా?"

"చెప్పానండి."

"నిజమేనా?"

వాడు ఊతకర్ర పట్టుకుని నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. కూర్చుని చెప్పవచ్చన్నా కూర్చోలేదు. నేను మనసులో జపమాల తిప్పుకుంటున్నాను. చివరికి, "కాదండి. తాగలేదండి. బ్రేకు పట్టలేదండి" అన్నాడు.

"అయితే చర్చిలో అబద్ధం చెప్పావా?"

"చెప్పానండి."

"ఎవరు రాసిచ్చారు?"

"ఎవరూ రాయలేదండి. నేనే రాసుకున్నాను."

మొదటి నాలుగు జవాబులకూ తల దించుకున్నాడు. ఈ చివరి జవాబుకు మాత్రం తలెత్తి చెప్పాడు. వాణ్ణి చిన్నప్పటి నుంచి చూస్తున్నాను లేయా. అబద్ధం ఆడేటప్పుడే వాడు మనిషి కళ్లలోకి చూస్తాడు.

తర్వాత నిన్ను పిలిచారు. ఆ సాక్ష్యం గురించి ముందే తెలుసా అని అడిగితే తెలియదండి అన్నావు. నేను నీ వెనకే ఉన్నాను. నీ చెవులు ఎర్రబడ్డాయి.

ఇక నేను అడగను. చెప్పాలనిపిస్తే చెప్పు.

సుసన్నా

ముసునూరు,
23-9-2024.

వదినా,

నేనే రాశాను.

కృతజ్ఞత కూడికకు సాక్ష్యం రెండు పేజీలు రాసుకు రమ్మన్నారు పాస్టరు గారు. మీ తమ్ముణ్ణి అడిగితే ఆయన చెప్పింది ఇంతే. బ్రేకు పట్టలేదు. రెండుసార్లు చెప్పాను. వినలేదు. కాలు పోయింది. బతికాను. ఐదు మాటలు. ఇందులో ప్రభువు ఎక్కడున్నాడండి అని అడిగాను. బ్రేకు పట్టలేదంటే అది ఫిర్యాదు అవుతుంది గానీ సాక్ష్యం అవుతుందా అన్నాను. "నువ్వు టీచరువి, నీ ఇష్టం. బాగా రాయి, చదువుతాను" అన్నారు.

బాగా రాశాను. పిల్లల వ్యాసాలు దిద్దే చెయ్యి ఊరుకోదు. పాపం ఉంటేనే గదా మారుమనసు. ఆయన నాలుగేళ్ల కిందటి తాగుడును తెచ్చి ఆ రోజులో పెట్టాను. అది చదివి, "లేయా, ఆ రోజు నేను తాగలేదు గదా" అని ఒక్కసారి అన్నారు. సాక్ష్యాల్లో అందరూ అలాగే చెబుతారండి, ప్రభువుకు మహిమ అన్నాను. మళ్లీ అడగలేదు. కీబోర్డు వాయించే షాలోమికి ఏ మాట దగ్గర మెల్లగా వాయించాలో కూడా నేనే చెప్పాను. అందరూ ఏడుస్తుంటే నాకు గర్వంగా ఉంది వదినా. ఇంత సిగ్గుమాలిన మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఆయన ప్రమాణం చేసిన నోటితోనే నా పేరు బయటికి రాకూడదని అబద్ధం ఆడారు. నేను నా పేరు దాచుకోవడానికి ఆడాను. రెండూ ఒకటి కావు. లాయరు గారిని అడగండి. నేను మళ్లీ వచ్చి నిజం చెప్పవచ్చా? చెబితే కేసు ఏమవుతుంది?

లేయా

కొత్తగూడెం,
30-9-2024.

లేయమ్మకు,

నీ ఉత్తరం చదివి నీ మీద మండిపడాలి. ఆ హక్కు నాకు లేదు. ఆ వీడియో కాంట్రాక్టరుకు ఎలా చేరిందో ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు. మా తమ్ముడు ఎంత చక్కగా మాట్లాడాడో చూడండని నేను పనిచేసే ఆసుపత్రి నర్సుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది నేనే. అందులో ఒకావిడ భర్త ఆ కాంట్రాక్టరు దగ్గరే గుమాస్తా. కౌంటర్ చూసిన రోజే నాకు తెలిసిపోయింది. తప్పంతా మీ మందిరం మీదికి తోసి నీకు ఉత్తరం రాశాను.

లాయరు గారిని అడిగాను. మళ్లీ విచారించమని అర్జీ వేయవచ్చట. వేస్తే నువ్వు ఒకసారి అబద్ధం చెప్పినట్టు నీ నోటితోనే తేలుతుంది. శౌరి నేనే రాసుకున్నానన్నది కూడా అబద్ధమని తేలుతుంది. కుటుంబమంతా మాట మార్చే రకమని వాళ్లు గోల చేస్తారు, అప్పుడు బ్రేకు సంగతి కూడా ఎవరూ నమ్మరు. ఊరుకుంటే కాలు సంగతి ఒక్కటే నిలబడి మనల్ని గట్టెక్కించవచ్చు. తప్పు దిద్దుకోవద్దని నేను ఎవరికీ చెప్పను, కానీ జరగబోయేది చెప్పడం నా ధర్మం అన్నారాయన.

నన్నడిగితే ఆర్డరు వచ్చేదాకా నోరు మూసుకో అంటాను. న్యాయం చెప్పడం లేదు. వాడి అక్కగా చెబుతున్నాను.

సుసన్నా

ముసునూరు,
2-12-2024.

వదినా,

మీ మాట వినలేదు. మీకు కోపం వచ్చిందని తెలుసు, ఫోను చేస్తే ముక్తసరిగా మాట్లాడారు. జరిగింది వరసగా రాస్తాను.

అక్టోబరులో వెళ్లి చెప్పాను. రాసింది నేను, తెలియదన్నది అబద్ధం అని. కాంట్రాక్టరు లాయరు నవ్వాడు. "చర్చిలో ఒకటి, ఇక్కడ ఒకటి, భర్తది ఒకటి, భార్యది ఒకటి. ఏది నమ్మమంటారు సార్?" అన్నాడు. కమిషనర్ గారు తలెత్తకుండా అంతా రాసుకున్నారు. మీ తమ్ముడు దారిపొడుగునా కిటికీలోంచి బయటికే చూశారు. ఇంటికి వచ్చాక, "నీ పేరు రాకూడదనే గదా నేను అలా అన్నాను" అన్నారు.

ఆఫీసులో చెప్పి మందిరంలో చెప్పకపోతే ఏం లాభం? మరుసటి ఆదివారం పాస్టరు గారిని ఐదు నిమిషాలు అడిగాను. కాగితం లేకుండా నిలబడ్డాను. ఆ రోజు ఆయన తాగలేదు, నేను రాశాను, ఆయన చేత చదివించాను అన్నాను. ఒక్కరూ హల్లెలూయ అనలేదు. పాస్టరు గారు బైబిలు పేజీలు తిప్పుతూ ఉండిపోయారు. నేను సువర్ణరాజు వైపు చూడలేకపోయాను. అతనే మగవాళ్ల వరసలోంచి లేచాడు.

"అక్కా, మీరు రాసిన మాటలు నాకు ఒక్కటీ గుర్తులేదు. కర్రలు పట్టుకుని మైకు దాకా రావడానికి అన్నకు ఎంతసేపు పట్టిందో అది చూశాను. నేనూ బండి తోలేవాణ్ణే గదా. అక్కడే మానేశాను" అని కూర్చున్నాడు. వాళ్లావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను వేదిక మెట్టు మీదే కూర్చుండిపోయాను.

గురువారం ఆర్డరు వచ్చింది. మీకు లాయరు గారు చెప్పే ఉంటారు. నూజివీడు వెళ్లి నెట్ సెంటరులో ప్రింటు తీయించుకున్నాను. ఏడు పేజీలు. నా సాక్ష్యం విశ్వసనీయంగా లేదని ఒక పేరా ఉంది. అది న్యాయమే. ఆయన తాగాడా లేదా అన్నది తేల్చనక్కర్లేదని ఇంకో పేరా. శాశ్వత పూర్తి వైకల్యం కింద పరిహారం వడ్డీతో సహా కట్టాలని చివర్లో ఉంది. అప్పీలుకు వెళ్లాలంటే వాళ్లు ముందు ఆ మొత్తం కట్టి వెళ్లాలట.

ఇంటికి వచ్చి మంచం పక్కన కూర్చుని చదివి వినిపించాను. గెలిచిన సంగతి ఆయనే వినాలని మొదటి నుంచి ఒక్కో వాక్యం తెలుగులోకి మార్చి చెబుతున్నాను. ఒకచోట ఆపమన్నారు. "ఆ ముక్క మళ్లీ చెప్పు."

"అర్జీదారు ఇకపై ఏనాడూ వాహనం నడపలేడు గనుక, సంపాదించే శక్తిని నూటికి నూరు శాతం కోల్పోయినట్టే."

"ఏనాడూ అని రాశారా?"

"రాశారండి."

ఆయన దిండు కింద నుంచి ఒక చీటీ తీసి నాకిచ్చారు. నూజివీడులో ఒక మెకానిక్ ఫోను నంబరు. కాలు లేనివాళ్లకు బ్రేకు చేత్తో నొక్కేలా ఆటో మార్చి ఇస్తాడట. సువర్ణరాజు కనుక్కుని వచ్చాడట, ఆగస్టులోనే. కేసు అయ్యేదాకా నాకు చెప్పవద్దని ఈయనే అన్నారట. "ఇప్పుడిక ఇది నీ దగ్గరే ఉంచు" అని గోడ వైపు తిరిగారు. కాలు తీసేసిన రోజు కూడా ఏడవని మనిషి, వదినా. భుజాలు కదులుతూనే ఉన్నాయి. నేను మిగతా పేజీలు ఒళ్లో పెట్టుకుని ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

హన్నా బడి నుంచి వచ్చి ఏమైందని అడిగింది. ఆర్డరు వచ్చిందని చెప్పాను. గెలిచామన్న మాట మా ఇంట్లో ఇంకా ఎవరం అనలేదు.

లేయా